చందమామ మీద పూటకూళ్ళ ఇల్లు

చెప్పిన కథనే మరల చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. వ్యాసుని భారతాన్ని కవిత్రయం తెలుగు చేసిన తరువాత హరికథకుడు చెప్పినాడు, తోలుబొమ్మలవాడు ఆడించినాడు, నాటక సమాజాలు ప్రదర్శించినవి, చివరకు చలనచిత్రాలు చూపినవి. రామకథను ఎందరు చెప్పినారో లెక్కపెట్టడమే కష్టం. ఇన్నిమార్లు విన్న కథకు మరల పోయే ప్రేక్షకుడు కథ తెలియక పోవడం లేదు. ఈసారి ఎట్లా చెబుతారో చూడడానికి పోతున్నాడు. అయితే పురాణాల విషయంలో మనకున్న ఈ ఔదార్యం నిన్న మొన్నటి కథల విషయంలో లేదు. ఒక చిత్రాన్ని తిరిగి తీసినారంటే చాలు, సరకు అయిపోయినదంటాము. వెండితెర కథ ఇంటితెరకు దిగినా, ఇంటితెర కథ వెండితెర కెక్కినా మన పెదవివిరుపు ఒక్కటే. అందులోనూ అది శాస్త్రకల్పన, ఆపైన హాస్యం, ఆపైన పిల్లాపాపలతో కూర్చుండి చూడదగినది అయితే పండితులమనుకొనేవారము దానివంక కన్నెత్తి చూడము. ఈ దోషం నాలోనూ ఉండేది. అది ఎట్లా తగ్గినదో చెప్పడమే నా ఉద్దేశం.

నేనుండేది ఉప్పల్. మా ఇంటినుంచి ఒకవైపు కొంతదూరం పోతే రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం. హైదరాబాదు దూరదర్శన్ 1977లో ప్రారంభమైనది. మరొకవైపు పోతే నాచారం. ఆ పేరు వినగానే చిత్రసీమవారికి రామకృష్ణా స్టూడియో జ్ఞాపకం వస్తుంది. హబ్సిగూడకు పోయే దారిలో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, దాని చేరువనే జీవకణాల మర్మాలు పరిశోధించే సి.సి.ఎం.బి. ఉన్నవి. బొమ్మలు తీసేచోటు, బొమ్మలు ప్రసారం చేసేచోటు, ప్రకృతి రహస్యాలు వెదకేచోటు, మూడూ ఇంత చేరువలో ఉన్న ప్రాంతం ఇది. వీటి నడుమ నాచారం పారిశ్రామికవాడ. అక్కడి కార్మికుల బిడ్డలు మా తరగతులలో చాలామంది కూర్చున్నారు.

అట్టివారిలో ఒక విద్యార్థిని 2015లో నావద్దకు వచ్చినది. డిగ్రీ చివరి సంవత్సరంలో వ్రాయవలసిన వ్యాసానికి విషయం ఎన్నుకొనే రోజులవి.

"సార్, 'అమృతం' సీరియల్‌నుంచి చంద్రమండలం మీద సినిమా తీసినారు గదా! సీరియల్‌లో కథ సినిమాలోకి పోయేటప్పుడు ఏమైనదో వ్రాస్తాను" అన్నది.

నేను నవ్వినాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటున్నది. "చంద్రుని గురించే వ్రాయాలని ఉంటే ప్రబంధాలలో చంద్రోపాలంభనం వ్రాయమ్మా. విరహిణులైన నాయికలు చంద్రుని ఎట్లా దూషించినారో చూపు. అది సాహిత్యం" అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. చంద్రోపాలంభనమే వ్రాసినది. మంచి మార్కులే వచ్చినవి.

ఆమె అడిగిన విషయం ఎంత విలువైనదో నాకు తెలియడానికి చాలాకాలం పట్టినది.

'అమృతం' అనే ధారావాహికను గుణ్ణం గంగరాజుగారు నిర్మించినారు. అది 2001 నుంచి 2007 వరకు జెమిని టెలివిజన్‌లో వారం వారం ప్రసారమైనది. అందులో రాక్షసులు లేరు, రాజులు లేరు, పగబట్టిన అత్తలు లేరు. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు. వారికి ఇద్దరు ఇల్లాండ్రు. ఇద్దరు మిత్రులూ కలిసి నడిపే 'అమృత విలాస్' అనే భోజనశాల. అందులో సర్వం అనే పనివాడు. అద్దె అద్దె అని వెంటబడే ఇంటి యజమాని అప్పాజీ. ఇంతే సంసారం. అమృతం పాత్రను కాలక్రమాన ఒకరి తరువాత ఒకరుగా శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్‌లు ధరించినారు. ఆంజనేయులుగా నటించిన గుండు హనుమంతరావు 2018లో కీర్తిశేషుడైనాడు. వేషధారి మారినా ప్రేక్షకులు పాత్రను విడువలేదు. ఇది గమనించదగిన సంగతి. కథలో బలమున్నచోట ముఖం మారినా మనిషి మారడు.

ఆదివారం రాత్రి ఈ ధారావాహిక వచ్చేవేళకు అద్దె ఇండ్లలోని కుటుంబాలన్నీ నవ్వుతుండేవి. తమ ఇంటి యజమాని గొంతే వారికి అప్పాజీ గొంతులో వినిపించినది. అద్దె కట్టవలసిన ఒకటవ తేదీ అంటే ఏమిటో తెలిసినవాడే ఆ హాస్యాన్ని పూర్తిగా అనుభవించగలడు. నా విద్యార్థిని తండ్రి నాచారంలో ఒక కర్మాగారంలో పనిచేసేవాడు. వారానికొకమారు ఆయన బిగ్గరగా నవ్వడం తాను విన్నది ఆ అరగంటలోనేనని ఆమె తరువాత ఎప్పుడో నాతో అన్నది.

గంగరాజుగారు 2014లో ఈ మిత్రులనే తీసికొనిపోయి చంద్రుని మీద దింపినారు. చిత్రం పేరు 'చందమామలో అమృతం'. కాలం 2034వ సంవత్సరం. మనుషులు చంద్రుని మీద కాపురాలు పెట్టుకొన్నారు. మన మిత్రులు అక్కడ భోజనశాల తెరవడానికి బయలుదేరినారు. అమృతంగా అవసరాల శ్రీనివాస్, ఆంజనేయులుగా హరీశ్ నటించినారు. అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి మాత్రం ధారావాహికలోనివారే. ధారావాహికకు దక్కిన ఆదరణ చిత్రానికి దక్కలేదు. 2020లో అమృతం తన రెండవ జన్మనెత్తి తిరిగి చిన్నతెరకే చేరినాడు. అప్పుడు ఆంజనేయులు ఎల్.బి.శ్రీరామ్.

ఇంటితెరనుంచి వెండితెరకు, భూమినుంచి చంద్రునికి, తిరిగి ఇంటికి. ఈ రాకపోకలలో ఏమి పోయినది, ఏమి మిగిలినది అన్నదే ఆ పిల్ల వేసిన ప్రశ్న. దానికి జవాబు వెదకడానికి ఇతర దేశాలలో ఇట్టి పని ఎట్లా జరిగినదో చూడడం మంచిది.

అమెరికాలో ఈ ప్రయాణం తరచు ఎదురుదిశలో నడిచినది. థియేటరుకోసం తీసిన కుటుంబ హాస్యచిత్రాన్ని పాతిక ముప్పై ఏండ్ల తరువాత ప్రత్యేకంగా టెలివిజన్‌కోసం తిరిగి తీయడం వాల్ట్ డిస్నీ సంస్థవారికి అలవాటు. మతిమరుపు శాస్త్రవేత్తను గురించి 1961లో తీసిన చిత్రాన్ని 1988లో ఇట్లే ఇంటితెరకు తెచ్చినారు. మన విద్యార్థులకు ఎక్కువగా పనికివచ్చేది మరొకటి ఉన్నది. దానిపేరు 'ది కంప్యూటర్ వోర్ టెన్నిస్ షూస్'. కంప్యూటరు ఆటబూట్లు తొడిగినదని తాత్పర్యం. కర్ట్ రసెల్ నాయకుడుగా 1969లో మొదట తీసినారు. పేటన్ రీడ్ దర్శకత్వాన, కిర్క్ కామెరాన్ నాయకుడుగా 1995లో టెలివిజన్‌కోసం తిరిగి తీసినారు.

మొదటి చిత్రంలో కథ ఇది. డబ్బులేని ఒక కళాశాలకు ఒక ధనికుడు తన పాత కంప్యూటరును దానమిచ్చినాడు. చదువులో అంతంతమాత్రమైన డెక్స్‌టర్ రైలీ అనే విద్యార్థి ఉరుములు మెరుపుల రాత్రి దానిని బాగుచేస్తూ విద్యుద్ఘాతానికి లోనైనాడు. యంత్రంలోని జ్ఞాపకమంతా అతని తలలోకి వచ్చిచేరినది. గ్రంథాలు చూపు సారించినంతలో వచ్చినవి. పరీక్షలు నిమిషాలమీద ముగిసినవి. కళాశాల పక్షాన ప్రశ్నోత్తరాల పోటీలో అతనికి ఎదురులేకపోయినది. కానీ ఆ యంత్రంలో దాతగారి దొంగజూదపు లెక్కలు కూడా ఉన్నవి, అవీ వచ్చినవి. యంత్రం జ్ఞాపకానికి మంచి చెడుల విచక్షణ లేదు గదా! చివరకు పోటీలో కీలకమైన వేళకు ఆ అరువు జ్ఞాపకం అడుగంటినది. ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఎవరు? పక్కన కూర్చున్న, ఎవరూ లెక్కచేయని స్నేహితుడు. అది ఒక చిన్న ఊరి పేరు. అది వానికి వానిదిగా తెలుసు.

ఇట్టి కథను 1995లో ఇంటింటికీ తిరిగి చెప్పవలసిన పని ఏమున్నది? 1969లో కంప్యూటరు సామాన్యుడు కంటితో చూడని వస్తువు. గది నిండా ఉండే ఒక వింత యంత్రం. 1995 నాటికి అది బల్లమీదికి వచ్చినది. టెలివిజన్‌లో ఆ కథ చూస్తున్న ఇంటిలోనే పక్కగదిలో ఉండదగిన వస్తువైనది. 'ఈ యంత్రం ఏమి చేయగలదు?' అని మొదటి ప్రేక్షకుడు ఆశ్చర్యపడినాడు. 'ఇది నా ఇంటిలో ఉండగా ఇక నేనెందుకు?' అని రెండవ ప్రేక్షకుడు తనను తాను ప్రశ్నించుకొనక తప్పలేదు. కథ ఒక్కటే, వినే ఇల్లు మారినది. ఈనాడు ఏ వ్యాసం అడిగినా చేతిలోని ఫోను క్షణంలో వ్రాసి ఇస్తున్నది. ఈ కథను మూడవమారు చెప్పవలసిన కాలం వచ్చినదని ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

మనకు మాత్రం ఈ సమస్య అంత కొత్తది కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకుల మధ్య కూర్చున్న అవధానికి జ్ఞాపకశక్తి ప్రాణం. చివరకు పద్యాలన్నింటినీ వరుసగా ధారణ చేసి అప్పగించవలసిందే. కానీ మన పెద్దలు ధారణతోనే సంతృప్తి పడలేదు. అప్రస్తుత ప్రసంగం అనే అంశం పెట్టి, అవధాని ఏకాగ్రత భంగమయ్యేటట్లు చిలిపి ప్రశ్నలు వేయడానికి ఒక మనిషిని నియమించినారు. ఆ ప్రశ్నకు సమయస్ఫూర్తితో, నవ్వుతూ బదులు చెప్పినవాడే అవధాని. జ్ఞాపకం యంత్రంలోనూ ఉంటుంది. హాస్యస్ఫూర్తి మనిషిలోనే ఉంటుందని వారికి తెలిసినట్లున్నది.

ఇక శాస్త్రకల్పనకూ హాస్యానికీ కుటుంబానికీ తెలుగులో కుదిరిన పొత్తు చూద్దాము. 1957లో కె.వి.రెడ్డిగారు తీసిన 'మాయాబజార్' శాస్త్రకల్పన కాదు, పౌరాణికమే. శశిరేఖా పరిణయగాథ వ్యాసభారతంలో లేదు. మనవారు కల్పించుకొన్న ముచ్చట. ఆ చిత్రంలో 'ప్రియదర్శిని' అనే పేటిక ఉన్నది. మూత తెరిస్తే చూచేవారికి ఇష్టమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించినాడు. అదే పేటికలో చూచిన శ్రీకృష్ణునికి శకుని కనిపించినాడు! హైదరాబాదు దూరదర్శన్‌కు ఇరవై ఏండ్ల ముందే తెలుగు ప్రేక్షకుడు ఇంటిలో పెట్టుకొనే బొమ్మలపెట్టెను చూచినాడన్నమాట. అయితే మనం నవ్వినది పెట్టెను చూచి కాదు. అందులో ఎవరికేమి కనిపించినదో చూచి నవ్వినాము. ఎవరి మనసేదో బయటపడినది.

ఆ చిత్రానికి కె.వి.రెడ్డిగారివద్ద సహాయకుడుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారే 1991లో 'ఆదిత్య 369' తీసినారు. గురువుగారి పేటిక శిష్యునివద్ద కాలయంత్రమైనది. హెచ్.జి.వెల్స్ 1895లో వ్రాసిన నవలలో కాలయంత్రం భవిష్యత్తులోకి, 802701వ సంవత్సరానికి పోయినది. మన కాలయంత్రం మొదట 1526వ సంవత్సరానికి, శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పోయినది. తరువాతనే 2504కు పోయినది. అక్కడ అణుయుద్ధానంతరం మనుషులు భూగర్భంలో బ్రతుకుతున్నారు. తెలుగువానికి కాలయంత్రం దొరికితే మొట్టమొదట ఎక్కడికి పోతాడు? భువనవిజయానికే పోతాడు! జంధ్యాలగారి సంభాషణలు, తెనాలి రామకృష్ణునిగా చంద్రమోహన్, నందమూరి బాలకృష్ణ రాయలుగానూ ఈనాటి యువకుడుగానూ రెండు పాత్రలు ధరించడం, ఇవన్నీ ఆ యంత్రాన్ని మన ఇంటి వస్తువుగా చేసినవి.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక. రాయలు 1509 నుంచి 1529 వరకు పాలించినాడు గనుక 1526 సరిగానే ఉన్నది. కానీ పాండురంగ మాహాత్మ్య కర్త అయిన తెనాలి రామకృష్ణకవి రాయల కొలువులో ఉన్నాడా అన్న విషయంలో సాహిత్య చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. హాస్యం మన మనసులో నాటిన చరిత్రను పరిశోధన పెకలించడం సులభం కాదు. ఉపాధ్యాయుడు ఆ చిత్రాన్ని తరగతిలో ప్రస్తావిస్తే ఈ మాట కూడా చెప్పవలెను.

ఈ ఉదాహరణలన్నీ ఒకచోట పెట్టి చూచినప్పుడు నాకు ఒక సంగతి బోధపడినది. ఇట్టి కథలలో యంత్రం ఒక నెపం మాత్రమే. అది కాలంతోపాటు మారుతుంది, మారవలెను కూడా. నిలువవలసినది యంత్రం పక్కన నిలుచున్న మనిషి బలహీనత. శశిరేఖ ప్రేమ, డెక్స్‌టర్ సోమరితనం, అమృతం అద్దెబాకీ. తిరిగి చెప్పేవాడు యంత్రాన్ని మాత్రమే మార్చి మనిషిని అట్లే నిలిపితే కథ మరల పుట్టినట్లు. యంత్రపు ఆర్భాటంలో మనిషిని పోగొట్టుకొంటే ఎంత ఖర్చుపెట్టినా అది పాత కథకు కొత్త సున్నం. 'చందమామలో అమృతం' ఆలోచన మంచిది. తెలుగు ఇంటి కష్టసుఖాలను మరొక గోళానికి మోయించిన సాహసం అది. అయితే ప్రేక్షకునికి చిరపరిచితమైన వీధి, గుమ్మం, పక్కింటివారి చెవులు ఇవన్నీ భూమిమీదనే ఉండిపోయినవి. ధారావాహికలోని నవ్వులో సగం ఆ గుమ్మానిదేనని చంద్రుని మీదికి పోయిన తరువాతగాని తెలియలేదు. ఒక ప్రయత్నం పూర్తిగా ఫలించకపోయినా ఇంతటి సత్యాన్ని చూపగలిగితే అది చర్చకు తగదని ఎట్లా అనగలము?

2023వ సంవత్సరం ఆగస్టు 23వ తేదీ సాయంకాలం చంద్రయాన్-3 దక్షిణ ధ్రువానికి చేరువలో దిగినది. చంద్రుని మీద మెల్లగా దిగగలిగిన దేశాలలో మనది నాలుగవది. ఆ ప్రాంతాన దిగినవారిలో మొదటిది. తరువాత కొద్దివారాలకు నా పాత విద్యార్థిని ఫోను చేసినది. ఇప్పుడామె నాచారం ప్రాంతంలో ఒక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయిని. "సార్, మా పిల్లలు వ్రాసినవి ఒకమారు చూడండి" అని పిలిచినది.

పోయినాను. ఎనిమిదవ తరగతి పిల్లలకు ఆమె ఇచ్చిన విషయం 'చందమామ మీద పూటకూళ్ళ ఇల్లు'. చిత్రంలోని సంగతిని ముందుగా చెప్పి, చంద్రుని గురించి నిజమైన వివరాలు నల్లబల్ల మీద వ్రాసి, తక్కినది వారికే వదలినది. అక్కడ బరువు ఇక్కడి బరువులో ఆరవవంతు, గాలి లేదు, పగలు సుమారు పదునాలుగు రోజులు, రాత్రి మరో పదునాలుగు రోజులు.

ఒక పిల్లవాడు ఇట్లా వ్రాసినాడు: గాలి వత్తిడి తక్కువైతే నీరు తక్కువ వేడికే మరుగుతుంది, అన్నం ఉడకదు, కనుక వంటవాడు కుక్కరు మూత ఇంటిలో మరచిపోతే హోటలు మూసుకోవలసిందే. మరొక బాలిక 'పూట' అనే మాటను పట్టుకొన్నది. భూమిమీద పూట అంటే పగటిలో సగం. చంద్రుని మీద ఒక పూట ఏడురోజులు. పూటకు ఒక భోజనమే పెడతామన్న హోటలులో చేరినవాడు ఏమి కావలెను? తెలుగు మాటలోనుంచే పుట్టిన ఈ చమత్కారానికి నేను మనసారా నవ్వినాను. మూడవవాడు అన్నింటికంటె గట్టి ప్రశ్న వేసినాడు. చంద్రుడు ఎవరి సొత్తని అప్పాజీ అద్దె అడుగుతున్నాడు? ఆ ప్రశ్నను 1967 నాటి అంతరిక్ష ఒడంబడికలో దేశాలు చర్చించినవనీ, ఏ దేశమూ చంద్రుని తనదనరాదని అందులో ఉన్నదనీ, భారతదేశం కూడా అందులో చేరినదనీ ఆమె తరగతికి చెప్పినది. అద్దెబాకీ హాస్యం అంతర్జాతీయ న్యాయం దాకా పోయినది.

బయటకు వస్తూ, "ఆనాడు నీ విషయం మార్పించినాను. పొరపాటు నాదమ్మా" అన్నాను.

ఆమె తడబడలేదు. "ఆ వ్యాసంలో నేను వ్రాసినదేదీ నాకు ఇప్పుడు జ్ఞాపకం లేదు సార్. మార్కులు మాత్రం జ్ఞాపకమున్నవి" అన్నది. నాకు తగిన జవాబే అది. వెంటనే నవ్వుతూ మరొక మాట కలిపినది. "కానీ ఒకటి. విక్రమ్ దిగినచోట నేల పైన యాభై డిగ్రీల వరకు వేడి ఉన్నదని, ఎనిమిది సెంటీమీటర్ల లోపల సున్నాకు పది డిగ్రీలు దిగువ అని ఇస్రోవారు చెప్పినారు. చంద్రుడు చల్లనివాడు కాదు, కాలుస్తున్నాడని మొత్తుకొన్న మన ప్రబంధ నాయికలే నిజం చెప్పినారని పిల్లలకు చెప్పినాను."

చంద్రోపాలంభనాన్నీ చంద్రయానాన్నీ ఒక్క వాక్యంలో కట్టిన ఆ ఉపాధ్యాయినికి నేను చెప్పదగిన పాఠం మిగలలేదు. మా తోటి అధ్యాపకులకు మాత్రం ఒక మనవి. రేపు ఏ విద్యార్థి అయినా మీవద్దకు వచ్చి, టెలివిజన్‌లో చూచిన ఒక నవ్వుల కథ మీద వ్రాస్తానంటే, అది చిన్న విషయమని త్రోసిపుచ్చకండి. ఏమి మారినది, ఏమి నిలిచినది, ఎందుకు అని మూడు ప్రశ్నలు వేసి కాగితం చేతికివ్వండి. ఆ పాఠశాలనుంచి ఉప్పల్‌కు తిరిగి వస్తుంటే మెట్రో వంతెన మీదుగా చంద్రుడు పైకి వచ్చినాడు. ఏండ్ల తరబడి పాఠం చెప్పిన ఆ చంద్రునివంక, ఆనాడు అద్దె అడగడానికి వచ్చినవానిని చూచినట్లు కాస్త జంకుతూ చూచినాను.